బాపు సాంచాల మీది బల్బులు

సాంచాల షెడ్డులో ఎవరికీ ఏమీ వినబడదు. సిరిసిల్లలో పుట్టినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు, మిగతావాళ్ల కోసం చెబుతున్నాను. మరమగ్గాన్ని మేం సాంచా అంటాం. అవన్నీ ఒకేసారి ఆడుతుంటే పక్కనున్న మనిషి గొంతు చించుకున్నా దండగే. అందుకని లోపల అందరూ పెదాలు చూసే మాట్లాడుకుంటారు. అన్నం తిన్నావా, నీళ్లు తే, సేటు వస్తున్నాడు, అన్నీ పెదాలతోనే. నడక కంటే ముందు నేను అదే నేర్చుకున్నానని అవ్వ, అంటే మా అమ్మ, చెబుతుంది.

అందుకే మా బాపు లక్ష్మీరాజానికి చెవులు పోయిన సంగతి షెడ్డులో ఎవరికీ తెలియలేదు. ఇంట్లోనే తెలిసింది. కుక్కర్ కూత పెడుతుంటే దాని పక్కనే కూచుని, "అన్నం ఇంక కాలేదా?" అని అడిగాడు. అవ్వ ఏడ్చింది. నాకు కోపం వచ్చింది. ఏ బాధ వచ్చినా నాకు ముందు కోపమే వస్తుంది, అదో రోగం.

తెగిన పోగు పక్క పోగుల్లో చిక్కుకుంటే సాంచా చప్పుడు మారుతుంది. ఆ తేడా పట్టుకునే బాపు ఇన్నేళ్లు పని చేశాడు. ఇప్పుడు పోగు తెగినా తెలియక బట్ట మీద చారలు పడుతున్నాయి. "ఇంకొక్కసారి బట్ట ఖరాబైతే పనికి రాకు" అని పరశురాములు సేటు చెప్పేశాడు. బాపుకు ఈ పని తప్ప ఇంకోటి రాదు.

నేను ఇర్షాద్‌కు చెప్పాను. ఇంటర్లో నా క్లాసే, వాళ్ల నాన్నది మోటార్లు బాగుచేసే దుకాణం. వాడు జాలి చూపించి ఉంటే అక్కడే తిట్టి వచ్చేదాన్ని. కాసేపు ఆలోచించి, "పోగు తెగితే ఏదన్న కింద పడాలె" అన్నాడు.

"పడితే కరెంటు కలవాలె" అన్నాను.

కూల్‌డ్రింక్ డబ్బాల రంగు గీకి, రేకును సన్నగా కత్తిరించి పోగుల మీద వేలాడదీశాం. పోగు తెగితే రేకు జారి కింది తీగలకు తగులుతుంది, ఎర్ర బల్బు వెలుగుతుంది. చెప్పడానికి ఇంతే. చేసేసరికి తల ప్రాణం తోకకు వచ్చింది. రేకుల అంచులు మంచి పోగులనే కోశాయి. దూది దుమ్ము పట్టి తీగలు మొరాయించాయి. బల్బు ఊరికే వెలిగి బాపును పరుగెత్తించింది. మళ్లీ మళ్లీ విప్పి కట్టాం.

అలా కడుతున్న ఒక మధ్యాహ్నం, సాంచాకు అవతలి నుంచి ఇర్షాద్ నన్ను చూస్తూ పెదాలు కదిపాడు. చప్పుడులో దీనికేం తెలుస్తుందిలే అనుకున్నట్టున్నాడు. "నువ్వంటే నాకు మస్తు ఇష్టం" అన్నాడు. షెడ్డులో పెరిగిన పిల్ల ముందు అనవలసిన మాటేనా అది? ఏమీ తెలియనట్టు పానా ఇయ్యమని సైగ చేశాను. ఇచ్చాడు. ఆ రోజంతా నాకు చాలా సంతోషంగా ఉంది.

బల్బులు పని చేశాయి. వెలగగానే బాపు పోయి పోగు అతికేవాడు. బట్ట మళ్లీ శుభ్రంగా రాసాగింది.

అప్పుడు సేటు వచ్చి చూశాడు. బల్బులు బాపు సాంచాలకే ఉన్నాయి. "గీయనకే ఎందుకు పెట్టిర్రు?" అని పెదాలతో నన్ను అడిగాడు. ఇంతలో కరెంటు పోయింది, సాంచాలన్నీ ఆగాయి. సేటు బాపు వెనక నిలబడి, మామూలు గొంతుతో, "లక్ష్మీరాజం" అని పిలిచాడు. బాపు నూలు చుట్టిన కండె సర్దుకుంటున్నాడు. సేటు ఇంకోసారి పిలిచాడు. బాపు తిరగలేదు. షెడ్డులో అందరూ తలలు దించుకున్నారు.

"చెవులు లేనోన్ని సాంచాల నడుమ ఉంచితే, ఏమన్న అయితే నా మీదికే వస్తది. అమాస దాక చెయ్యమను. తర్వాత వేరేటోన్ని సూసుకుంట" అని నాతో చెప్పి వెళ్లిపోయాడు. ఆ మాట బాపుకు నేనే పెదాలతో చెప్పవలసి వచ్చింది.

బాపు నన్ను తిట్టలేదు. ఇంటికొచ్చాక, "నా చెవుడు నా తాన్నే ఉండె బిడ్డా. నువ్వు దానికి బల్బు పెట్టినవ్" అన్నాడు. తిట్టినా బాగుండేది.

మర్నాడు తీగలు కోసేద్దామని కత్తెర పట్టుకుని పోయాను. ఇర్షాద్ షెడ్డు గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు.

"తీసేస్తే సేటు మర్చిపోతడా? అందరి సాంచాలకు పెడుదం. అప్పుడు ఎవరిది ఎందుకో ఎట్ల తెలుస్తది?"

"నీకు దిమాక్ ఉందా? వాళ్లెందుకు ఒప్పుకుంటరు?"

వాడు నా మాట చెవిన పెట్టకుండా జబ్బార్ కాకా దగ్గరికి పోయాడు, వెనకే నేనూ. కాకావి బాపు పక్క సాంచాలు. షెడ్డుకు దూరంగా చాయ్ తాగుతున్నాడు. ఇర్షాద్ చెప్పిందంతా వాడి పెదాలు చూస్తూ విన్నాడు. అక్కడ చప్పుడే లేదు. అయినా పెదాలే చూస్తున్నాడు.

"నాకు గూడ పెట్టుర్రి బేటా" అన్నాడు. "మా ఇంట్లోల్లకు ఎరుక లేదు. చెప్పకుర్రి."

తర్వాత ఇంకొకరు, ఆ తర్వాత ఇంకొకరు, మమ్మల్ని పక్కకు పిలిచి అదే మాట చెప్పారు. ఏళ్ల తరబడి పక్కపక్కనే నిలబడి, ఎవరి చెవుడు వాళ్లు దాచుకున్నారు. నాకు వాళ్లందరి మీదా కోపం వచ్చింది, అంటే ఏడుపొచ్చింది.

అమావాస్యకు సాంచాలకు సెలవు. ఆ రోజు అందరూ కూచుని రేకులు కత్తిరించారు. బాపు కూడా వచ్చి ఒక కత్తెర తీసుకున్నాడు.

తెల్లారి సేటు కొత్త మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఏ సాంచా చూసినా బల్బే. కాసేపు చూసి, పోయి మెయిన్ స్విచ్ కిందికి లాగాడు. షెడ్డు మూగబోయింది.

"లక్ష్మీరాజం" అని పిలిచాడు. బాపు తిరగలేదు. "జబ్బార్" అన్నాడు. కాకా తిరగలేదు. మిగతావాళ్లను కూడా పిలిచాడు, ఎవరూ తిరగలేదు. చివరికి "వందనా" అన్నాడు. వందన కండెలు చుట్టే పిల్ల, మొన్ననే పనిలో చేరింది. చీమ చిటుక్కుమన్నా దానికి వినబడుతుంది. అది గోడ వైపు తిరిగి కండె చుట్టుకుంటూనే ఉంది.

బాపు అందరి వీపులూ చూశాడు. సేటు పిలిచాడని, ఎవరూ పలకలేదని ఆయనకు అర్థమైంది. సేటు వైపు తిరిగి, "మెయిన్ ఎందుకు బంద్ చేసిర్రు సేటూ? పని ఆగుతున్నది" అన్నాడు.

సేటు కొత్త మనిషిని పొమ్మన్నాడు. స్విచ్ తానే పైకి ఎత్తి బయటికి నడిచాడు.

సాంచాలు మళ్లీ మోగాయి. అవతల ఇర్షాద్ కళ్లు తుడుచుకుంటున్నాడు. వాణ్ని చూస్తూ, "నాకు గూడ నువ్వంటే ఇష్టం" అన్నాను పెదాలతో. వాడికి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఏందని చెయ్యి ఊపాడు.

నేను పక్కకు తిరిగేసరికి బాపు నా పెదాలే చూస్తున్నాడు. ఆయన ఇర్షాద్‌ను చూశాడు, నన్ను చూశాడు. అంతలో బల్బు వెలిగింది. బాపు పోగు అతకడానికి వెళ్లాడు.