ఒక పక్క అయ్యేలోపు

ఆ ఇంట్లో గోడగడియారం ఉండేది గానీ దాని మొహం ఎవరూ చూసేవాళ్ళు కాదు. కాలాన్ని పాటల రికార్డు పక్కలతో కొలిచేవాళ్ళు. కూర ఉడకడానికి ఒక పక్క. స్నానానికి అరపక్క. కోడలు కూరగాయల కొట్టుకి పరుగున వెళ్ళి, బేరం లేకుండా, పుచ్చు చూడకుండా సంచిలో పోయించుకుని పరుగున రావడానికి సరిగ్గా ఒక పక్క. ఆమె అలా పరిగెత్తగా పరిగెత్తగా వీధిలో రాళ్ళు అరిగి అద్దాల్లా తయారయ్యాయి. వానాకాలంలో జనం వాటి మీద జారిపడి, లేచి, ఒళ్ళు దులుపుకుని ఆమెను తిట్టుకుంటూ పోయేవాళ్ళు.

ఇదంతా మామగారి కోసం. ఆయన స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా చేసి దిగిపోయిన మనిషి. ఒకరోజు ముందుగదిలో కుర్చీలో కూర్చుని రికార్డు వింటుండగా ఆయన గుండె ఆగిపోయింది. రికార్డు మాత్రం ఆగలేదు గనక ఆయన కూడా ఆగలేదు. డాక్టరు వచ్చి, చెవుల్లో గొట్టం పెట్టుకుని, ఒకసారి ఛాతీ మీద, ఒకసారి రికార్డు ప్లేయరు మీద ఆనించి విన్నాడు. "గుండె పనిచెయ్యట్లేదండీ. పాట పనిచేస్తోంది. ఆపకండి," అని చెప్పి, ఇంకెవరికో జ్వరమంటే చూడ్డానికి వెళ్ళిపోయాడు.

అప్పట్నుంచీ ఆపలేదు. పగలు కోడలి వంతు, రాత్రి కొడుకు వంతు. ఒక పక్క అయిపోగానే ముల్లు ఎత్తాలి, రికార్డు తిరగెయ్యాలి, ముల్లు పెట్టాలి. కరెంటు పోతే కోడలు చూపుడువేలితో రికార్డు తిప్పుతూ కూర్చునేది. ఆమె వేలు నెమ్మదించినప్పుడల్లా మామగారి మాట కూడా సాగిపోయి, ఒక్క తిట్టు పూర్తవడానికి పాలు పొంగేంత సేపు పట్టేది. ఆలస్యమైతే ఆయన మాట మధ్యలో ఆగి, చల్లబడేవాడు. ఒళ్ళు బిగుసుకునేలోపు ముల్లు పెడితే, ఆగిన చోటినుంచే అందుకునేవాడు. ఓసారి ఆమె సబ్బు కొనుక్కుని వీధి మలుపు తిరుగుతుండగా ఇంట్లోంచి "బు" అని వినిపించి మాట ఆగిపోయింది. పరిగెత్తుకొచ్చి ముల్లు పెడితే "ద్ధిలేనిదానా!" అంటూ లేచాడు.

కొడుకు సంగతి చెప్పాలంటే, ఏళ్ళ తరబడి నిద్రలేక ఆయన కళ్ళకింద సంచులు వేలాడేవి. వాటిలో చిల్లర వేసుకోవచ్చు అనేంత పెద్దవి. ఎవరేమన్నా "అవును" అనేవాడు. కాదనడానికి మెలకువ కావాలి కదా! ఆఫీసులో పైవాడు "నువ్వు శుద్ధ దండగ" అంటే కూడా "అవునండీ" అనేవాడు. ఊరంతా ఆయన్ని అవునుగారు అనే పిలిచేది.

మామగారు మాత్రం ఒక్క ప్రశ్నకి కూడా జవాబు చెప్పి ఎరగడు. ఉద్యోగమంతా ప్రశ్నలు అడగడమే కదా, జవాబులు చెప్పేది ఎదుటివాళ్ళ పని. అందులోనూ ఆడగొంతు అడిగితే గడ్డం పైకెత్తి, పెదాలు బిగించి, కిటికీలోంచి చూసేవాడు. ఆయన భార్య పోయేముందు "నేను మీకేం తక్కువ చేశానండీ?" అని అడిగిందట. గొంతు సవరించుకున్నాడట. అంతే. ఆవిడ జవాబు కోసం అరగంట ఎక్కువ బతికి, విసిగి పోయింది.

కోడలు పుట్టింటినుంచి ఒక్క రికార్డు తెచ్చుకుంది. కొత్తలో ఒకరోజు అది పెట్టింది. మామగారు రెండు చరణాలు విన్నాడు. "ఇది పాటా? పిల్లి ప్రసవమా?" అన్నాడు. ఆ రికార్డుని సలసల కాగే నీళ్ళలో ముంచి, మెత్తబడ్డాక గిన్నె మీద బోర్లించి, అంచులు వంచి, దాన్ని తన ఉమ్మిగిన్నె చేసుకున్నాడు. వంచమని చెప్పింది కోడలికే. వంచింది కూడా ఆమే. ఆ గిన్నెలో ఉమ్మినప్పుడల్లా, "మంచి నాదం," అనేవాడు.

ఇలా ఉండగా కోడలికి పన్ను నొప్పి పట్టుకుంది. అలాంటిలాంటి నొప్పి కాదు. ఆ నొప్పి చూసి వీధికుక్కలు కూడా ముందుకాలితో దవడ పట్టుకుని తిరిగేవి. పళ్ళడాక్టరు లాంతరంత దీపం పెట్టి నోట్లోకి చూసి, "ఇది వేరు దాకా కుళ్ళింది తల్లీ. తియ్యాలి. గంటన్నర కుర్చీలోంచి కదలకూడదు," అన్నాడు.

వెళ్ళిన ప్రతిసారీ మత్తుసూది ఎక్కేలోపే పక్క అయిపోయేది. తెరిచిన నోరు తెరిచినట్టే ఇంటికి పరుగు. దారిలో ఈగలు లోపలికి వెళ్ళి, చూసి, బయటికొచ్చేవి.

"నటన," అన్నాడు మామగారు. "పన్ను నొప్పిట! నాకు గుండె లేదు, నేనేమన్నా అంటున్నానా?"

చివరికి పళ్ళడాక్టరే దారి చెప్పాడు. ఆయన గదిలో మూలన పిడికెడంత పెట్టె ఒకటి పొద్దున మొదలెడితే దీపాలు పెట్టేదాకా పాడుతూనే ఉండేది. "డిజిటల్ అమ్మా. దీనికి పక్కల్లేవు. తిరగెయ్యక్కర్లేదు. నోటితో చెబితే చాలు, పాడుతుంది."

కొడుకు అలాంటి పెట్టె కొనుక్కొచ్చాడు. మామగారు దాన్ని చూసిన చూపుకి అది ఇంకాస్త చిన్నదైంది.

"ఏమిట్రా ఇది?"

"పాటలండీ నాన్నా. గాల్లోంచి వస్తాయి."

"గాల్లోంచి వచ్చేది జలుబు. పాటంటే చేతికి బరువు తెలియాలి. గాడిలో ముల్లు నడిచే చప్పుడు వినపడాలి. దీనికి బరువేదిరా?"

"బరువు సంగతి నాకు తెలుసు మామయ్యా," అంది కోడలు, దవడ పట్టుకుని. "మోసేది నేనే కదా."

"నిన్నెవరడిగారు? ఒరే, మన ఇంట్లో రికార్డులే కదా?"

"అవును నాన్నా."

"ఏవండీ, ఒక్కసారి పెట్టె పెట్టి చూద్దామా?"

"అవును," అన్నాడు ఆ నోటితోనే.

పెట్టి చూశారు. ముసలాయన ఒళ్ళు ఝల్లుమంది. రికార్డులో గీత పడ్డచోటల్లా ఆయనకి ఎక్కిళ్ళొచ్చేవి, అవి పోయాయి. బుగ్గలు టమోటాల్లా అయ్యాయి. "దీంట్లో ప్రాణం లేదు!" అని అరుస్తూ మేడమెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు. "జీవం లేదు! ఆత్మ లేదు!" అని పైనుంచి అరుస్తూ దిగాడు. పక్కింటి పిన్నిగారు గోడ మీదినుంచి తొంగిచూసి, "ఆయన అన్నదీ నిజమే, పాత పాటలోని తియ్యదనం వేరు," అని తలాడించి లోపలికెళ్ళింది.

అంతలో పెట్టె పాట ఆపి, తేనెలాంటి ఆడగొంతుతో అడిగింది: "మీరు ఇంకా వింటున్నారా?"

మెట్ల మీద ఒక కాలు గాల్లో ఉండగా మామగారు ఆగిపోయాడు. వంటింట్లోంచి కోడలు "అవును" అని కేకేసింది. పాట మళ్ళీ మొదలైంది. కాలు కింద పడింది.

"ఏమిటది? నన్ను ప్రశ్న అడిగిందా?"

"ఎవరూ లేకుండా ఊరికే పాడుతున్నానేమోనని దానికి అనుమానం మామయ్యా. పూటకి ఒకసారో రెండుసార్లో అడుగుతుంది. అవునంటే చాలు."

"నన్ను! ఒక పెట్టె! అదీ ఆడగొంతేసుకుని!"

మర్నాడు కోడలు చీర మార్చుకుని, తల దువ్వుకుని, పెట్టెకి పాట చెప్పింది. కుర్చీ ముందు నిలబడి, బడిపిల్ల ఎక్కం అప్పజెప్పినట్టు మెల్లగా చెప్పింది.

"మామయ్యా, నేను పన్ను తీయించుకుని వచ్చేస్తాను. అది అడిగితే మీరు ఒక్క 'అవును' అనండి. అదీ కష్టమైతే 'ఊఁ' అనండి, దానికదీ తెలుస్తుంది. లేదా పిన్నిగారిని వచ్చి కూర్చోమంటాను."

"ఆ గయ్యాళి నా గడప తొక్కిందంటే నేనే ఆగిపోతాను."

"అయితే అవునంటారా?"

ఆయన గడ్డం పైకెత్తి కిటికీలోంచి చూశాడు. గొంతు సవరించుకున్నాడు. ఆమె చెప్పులేసుకుంది.

పళ్ళడాక్టరు కుర్చీలో పక్క అయిపోయే వేళకి ఆమె మోకాళ్ళు వాటంతటవే లేవబోయాయి. ఆయనకి ముందే తెలుసు గనక ఆమె ఒళ్ళో ఇనప పనిముట్ల పెట్టె పెట్టి, దాని మీద తన మోచెయ్యి ఆనించాడు. తర్వాత పన్ను పట్టుకుని లాగాడు. వేరు వస్తూనే ఉంది, వస్తూనే ఉంది. ఆమె మడమ దాకా ఉందో ఏమో, చివర ఊడినప్పుడు కుడికాలు తేలికైంది. డాక్టరు బుగ్గలో గుప్పెడు దూది కుక్కి చెప్పాడు: "పొద్దుగూకేదాకా నోరు తెరవొద్దు. మాట్లాడొద్దు. పని చెయ్యొద్దు. తెలిసిందా?"

ఆమె తలాడించింది.

ఇంటికి నడిచి వచ్చింది. పరిగెత్తకుండా ఆ వీధిలో నడవడం అదే మొదలు. ఎప్పుడూ రంగుల గీతల్లా జారిపోయే కొట్లన్నీ ఆరోజు నిలబడి కనిపించాయి. దర్జీ కొట్టుకి బోర్డు ఉంది. దర్జీకి మీసం ఉంది. ఒక కిటికీలో పసిపిల్ల అద్దానికి ముక్కు నొక్కి పెట్టుకుని ఉంటే, ఆమె ఆగి, తన వాచిన బుగ్గని అటువైపునుంచి ఆనించింది.

గుమ్మం దగ్గర పక్కింటి పిన్నిగారు ఎదురొచ్చింది.

"అమ్మాయ్, ఎప్పుడో ఆగిందే పాట. అది అడగడం విన్నాను. పాపం, ఎంత మర్యాదగా అడిగిందో! మూడోసారి అయితే బతిమాలినట్టే అడిగింది. మీ మామగారు గొంతు సవరించుకోవడం కూడా విన్నాను. జవాబు మాత్రం వినలేదు సుమీ."

కోడలు బుగ్గ చూపించింది. పిన్నిగారు అర్థం చేసుకుని, "అయ్యో, మాట్లాడకు మాట్లాడకు," అని వెళ్ళిపోయింది.

ముందుగదిలో మామగారు చేతులు కట్టుకుని, గడ్డం పైకెత్తి, పెదాలు బిగించి కూర్చుని ఉన్నాడు. తప్పు జవాబు చెప్పిన బడి మొత్తాన్ని బెంచీ ఎక్కించిన మొహం. ఆమె ఆయన చిటికెనవేలు పట్టుకుని చూసింది. చల్లగా ఉంది. వంగుతోంది. ఇంకా బిగుసుకోలేదు.

పెట్టె మీద నీలం దీపం మిణుకుమిణుకుమంటోంది.

"మీరు ఇంకా వింటున్నారా?" అని అడిగింది పెట్టె.

ఆమె నోటినిండా దూది. డాక్టరు మాట్లాడొద్దన్నాడు. చదువుకున్న మనిషి మాట మీరకూడదు కదా! పక్కనే రికార్డు ప్లేయరుంది, నిజమే. ముల్లు పెట్టడానికి నోరు అక్కర్లేదు, అదీ నిజమే. కానీ పని చెయ్యొద్దని కూడా అన్నాడాయె. ఆమె పీట వాల్చుకుని, వీపు గోడకి ఆనించి, కాళ్ళు చాపుకుంది. ఆ ఇంట్లో పగటిపూట కాళ్ళు చాపుకోవడం ఎలా ఉంటుందో ఆమెకి అంతవరకూ తెలీదు.

కొడుకు ఆఫీసునుంచి వచ్చేసరికి కిటికీలో ఎండ పచ్చబడుతోంది. ముసలాయన మోచెయ్యి ఇంకా కాస్త వంగుతూనే ఉంది. అవునుగారు గుమ్మంలో చెప్పులు విడిచి, లోపలి నిశ్శబ్దం విని, అక్కడే నిలబడిపోయాడు. తండ్రిని చూశాడు. భార్య వాచిన బుగ్గని చూశాడు. కుర్చీ కింద అంచులు వంకర్లు తిరిగిన ఉమ్మిగిన్నెని చూశాడు. భార్య ఆయన కళ్ళలోకే చూస్తోంది గానీ ఏమీ చెప్పలేదు. చెప్పే వీల్లేదు.

"మీరు ఇంకా వింటున్నారా?" అని అడిగింది పెట్టె.

ఆయన నాలుక చివర 'అవును' ఎప్పుడూ చెప్పులేసుకుని సిద్ధంగా కూర్చుని ఉండేది. పిలిస్తే చాలు, బయటికొచ్చేది. ఆయన నోరు తెరిచాడు. ముందుగా ఒక ఆవులింత వచ్చింది. ఏళ్ళ తరబడి దాచుకున్న ఆవులింత. గదిలో తలుపుతెరలు దాని వైపు వంగాయి. అది మొత్తం అయ్యాక, నోరు ఇంకా తెరిచే ఉండగా, లోపల్నుంచి ఎవరూ ఎరగని ఒక మాట వచ్చింది.

"లేదు."

తన గొంతేనా అని ఆయన అటూ ఇటూ చూశాడు. మళ్ళీ అన్నాడు, ఈసారి మర్యాదగా. "లేదండీ. వినట్లేదు."

"సరే. సెలవు," అంది పెట్టె. దీపం ఆరిపోయింది.

ఆయన అక్కడే తండ్రి కాళ్ళ దగ్గర నేల మీద పడుకుని నిద్రపోయాడు. కదిపితే కదల్లేదు, పిలిస్తే పలకలేదు. వచ్చిన బంధువులు ఇద్దరిలో ఎవర్ని ఎత్తాలో తెలీక కోడల్ని అడిగి తెలుసుకున్నారు. కోడలు దూది తీసి, కుర్చీ కిందినుంచి గిన్నె లాగి, అందులో నెత్తురు ఉమ్మి, "కుర్చీలో ఉన్నాయన్ని," అంది.

అన్నీ సద్దుమణిగాక ఒక మధ్యాహ్నం ఆమె పెట్టె దగ్గర కూర్చుని, తన పుట్టింటి పాట పల్లవి చెప్పింది. పెట్టె క్షణం కూడా తడుముకోకుండా అందుకుంది. కాగే నీళ్ళలో వంగిపోయిన పాట చక్కగా నిటారుగా నిలబడి వచ్చింది. ఆమె కళ్ళు మూసుకుని వింది. అంత గొప్ప పాటేమీ కాదు. నిజం చెప్పాలంటే రెండో చరణంలో పిల్లి కొంచెం ఉంది కూడా. అయినా మళ్ళీ మళ్ళీ పెట్టించుకుంది. ఒక పక్క అయ్యేంత సేపు గడిచేసరికి ఆమె మోకాళ్ళు లేచాయి, కాళ్ళు గబగబా రికార్డు ప్లేయరు దాకా నడిచాయి, చేతులు గాల్లోంచి దేన్నో ఎత్తి తిరగేసి పెట్టాయి. వెనక్కి వచ్చి కూర్చుంది. మళ్ళీ లేచింది. మళ్ళీ కూర్చుంది. ఆ కాళ్ళకి మామగారు పోయినట్టు ఎవరూ చెప్పలేదు, ఇకముందు చెప్పినా అవి నమ్మవు.

పాట ఆగింది.

"మీరు ఇంకా వింటున్నారా?" అని తేనెలాంటి గొంతు అడిగింది.

కోడలు మామగారి కుర్చీలో వెనక్కి వాలి, గడ్డం పైకెత్తి, కిటికీలోంచి చూసింది. గొంతు సవరించుకుంది. పెట్టె మళ్ళీ అడిగింది. అడగనీ, అనుకుంది. జన్మలో మొదటిసారి ఒకరు తనని బతిమాలుతున్నారు. అంత తొందరగా అవునంటే ఎలా?