పరశురాములు చెయ్యి

మా ఆఫీసుకు కొత్తగా వచ్చిన యంత్రానికి మర్యాద ఎక్కువ. ఎంత తిట్టినా "మీ అభ్యర్థనకు ధన్యవాదాలు" అంటుంది. కాదని చెప్పే ముందు ధన్యవాదాలు, చెప్పిన తరువాత కూడా ధన్యవాదాలే. నాకేమో కోపం ముక్కు మీదే ఉంటుంది. మా ఇద్దరికీ మొదటి వారం నుంచే పడలేదు.

మాది పోచంపల్లిలో పట్టుచీరలు నేయించి బయటి ఊళ్లకు అమ్మే కంపెనీ. హెడ్డాఫీసు హైదరాబాదులో ఉంది. ఇక్కడ ఉన్నది ఒక గోదాము, ఒక కెమెరా గది, మేనేజర్ కిష్టయ్య, నేను. రికార్డు చూసుకోవడం నా పని. ఏ మగ్గం ఎవరిది, దాని మీద ఎలాంటి పని వస్తుంది, ఇప్పటిదాకా ఏయే చీరలు దిగాయి, అన్నీ కంప్యూటర్లో ఉంటాయి. నేసి తెచ్చిన ప్రతి చీరకూ ఫోటో తీసి ఎక్కిస్తాం. హెడ్డాఫీసువాళ్లకు ఆ రికార్డే వేదం. మాకు మాత్రం కాదు, ఎందుకంటే అందులో సగం అబద్ధమని మాకు తెలుసు.

దొంగ అబద్ధాలు కావవి, ఇళ్లలో నడిచే రకం. మగ్గం ఎప్పుడూ ఇంటి మగవాడి పేరు మీదే ఉంటుంది. నేయకముందే, పువ్వు పడవలసిన చోట దారాన్ని సైకిలు ట్యూబు ముక్కలతో బిగించి కట్టి రంగులో ముంచుతారు. చిటికి కట్టడం అంటారు దాన్ని. చీర అందమంతా ఆ కట్టులోనే ఉంది. చాలా ఇళ్లలో ఆ కట్టేది భార్య. కొన్ని ఇళ్లలో మగ్గం గుంటలో కూర్చుని నేసేదీ ఆమే. రికార్డులో మాత్రం ఆమె ఉండదు. కిష్టయ్య తలకాయలో ఇంకో రికార్డు ఉండేది కాబట్టి ఇన్నాళ్లూ ఇబ్బంది రాలేదు. "పరశురాములు పేరు కొట్టి మల్లీశ్వరికి ఇయ్యి" అనేవాడు. నేను కొట్టేదాన్ని, ఆమె పట్టు తీసుకుని పోయేది.

పరశురాములు మామ ఇల్లు మా వెనక వీధిలోనే. రికార్డు ప్రకారం కంపెనీలో ఆయనంతటి నేతగాడు లేడు. షుగరు వచ్చి ఆయన కళ్లు పోయి చాలా ఏళ్లయింది. కళ్లున్న రోజుల్లో కూడా చిటికి కట్టింది ఆయన భార్య మల్లీశ్వరి అత్తే. కళ్లు పోయాక మగ్గం గుంటలోకి కూడా ఆమే దిగింది. ఆమె కట్టే పువ్వుకు ఒక అలవాటు ఉంది. చివరి రేకు కొస ఎడమ వైపుకు కాస్త జారుతుంది, గాలికి వంగినట్టు. ఎంత చక్కగా ఉంటుందో చెప్పలేను. బెంగళూరు దుకాణాలవాళ్లు ఆ పువ్వే కావాలని అడిగి తెప్పించుకునేవాళ్లు. చీరతోపాటు ఒక అట్టముక్క పోయేది. దాని మీద నేతగాడి పేరు, ఫోటో. మామ తలపాగా చుట్టుకుని, కనిపించని కళ్లతో నవ్వుతూ ఉంటాడు అందులో.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, మగ్గం నీ పేరు మీదికి మారుస్తానత్తా అన్నాను. గభాల్న నా నోటి మీద చెయ్యి పెట్టింది.

"మొగుడు బతికుండంగ మగ్గం మీద పేరు తీస్తరా పిల్లా? మా దాంట్ల గట్ల తీసిండ్రంటే మనిషి పోయినట్టే లెక్క. నాకు పనిస్తుండ్రు, గది సాలు."

ఆ మాట వాళ్ల ఇళ్లన్నింటిలో ఉన్నదే. కిష్టయ్య కూడా అవునవునని తల ఊపాడు. అంతటితో ఆ సంగతి అయిపోయింది.

తరువాత యంత్రం వచ్చింది. ఏఐ అట. రికార్డంతా, చీరల ఫోటోలన్నీ చదివి, ఎవరికి ఏ పని ఇవ్వాలో ఇక అదే చెబుతుంది. కిష్టయ్యకు గోదాము తాళాలు మిగిలాయి. అది వచ్చిన కొన్నాళ్లకే మామ చనిపోయాడు.

దినాలు అయిపోయాక మల్లీశ్వరి అత్త పట్టు కోసం వచ్చింది. నుదురు బోసిగా ఉంది. ఎప్పటిలాగే గోదాము గడప దగ్గర చెప్పులు విడిచి, నా బల్ల ముందు నిలబడింది.

మామ పేరు కొట్టాను. నేతగాడు మరణించినందున మగ్గం మూసివేయబడింది, మా ప్రగాఢ సానుభూతి అని వచ్చింది. అత్త పేరుతో కొత్తగా నమోదు చేశాను. నేత అనుభవం అన్నచోట సున్నా చూపించింది. ప్రారంభ స్థాయి, తువ్వాళ్లకు తెల్లనూలు ఇవ్వవచ్చును, ధన్యవాదాలు.

"ఏమంటాంది?" అంది అత్త.

"నీకు నేసుడు రాదంటాంది."

ఆమె నవ్వింది. నేను పరిహాసమాడుతున్నాననుకుంది. కాదని నా మొహం చూశాక తెలిసింది. మెల్లగా బల్ల పట్టుకుంది.

"తువ్వాళ్లు ఎవ్వరైన నేస్తరు మిస్బా. నా చెయ్యి చిటికి చెయ్యి. గది ఆగితే నేను దేనికి? ఇంట్ల ఆయన లేడు, జర పనన్న ఉండనియ్యిండ్రి."

ఆమె అడిగింది అంతే, తన మగ్గం మీద తనకు వచ్చిన పని. వేరే షావుకార్ల దగ్గరికి పోదామన్నా, ఊళ్లో వాళ్లంతా చివరికి మా కంపెనీకే అమ్ముతారు. చీర దిగితే మా రికార్డులోకే రావాలి.

నేను, కిష్టయ్య కలిసి ఒక అర్జీ రాసి యంత్రంలో పెట్టాం. ఈ మగ్గం మీద ఇన్నేళ్లూ నేసింది పరశురాములు కాదు, ఆయన భార్య అని. దానికి జవాబు హైదరాబాదు నుంచి ఫోనులో వచ్చింది. రికార్డుల పని చూసే మనస్విని అనే అమ్మాయి. గొంతు మెత్తగా ఉంది. ఆ మెత్తదనానికే నాకు ఒళ్లు మండింది.

"మిస్బా గారూ, మీరు చెప్పేది నేను నమ్ముతాను. కానీ ఆ చీరలన్నీ పరశురాములు గారి ఫోటోతో అమ్మాం కదా. ఇప్పుడు ఆయన నేయలేదంటే కొన్నవాళ్లకు ఏం చెప్పాలి? రికార్డులో ఏముందో అదే మనకు నిజం."

"మరి మేం కండ్లార చూసింది?"

"అది రికార్డులో లేదు కదండీ." తనకూ బాధగానే ఉన్నట్టు అంది. "ఒక పని చేయండి. ఆవిడను ఒక చీర నేసి తెమ్మనండి. కెమెరా చూస్తుంది. పని బాగుంటే స్థాయి దానంతట అదే పెరుగుతుంది."

ఇదేదో బాగుందనిపించింది నాకు. చెయ్యి చూస్తే ఎవరికైనా తెలుస్తుంది కదా అనుకున్నాను. కిష్టయ్య తన సొంత పూచీ మీద ఎక్కడి నుంచో పట్టు తెచ్చి ఇచ్చాడు. అత్త ఇంట్లోంచి మళ్లీ మగ్గం చప్పుడు వినిపించసాగింది. పొద్దున ఆఫీసుకు పోతూ నేను ఆ గోడ పక్కనే కావాలని మెల్లగా నడిచేదాన్ని.

చీర దిగింది. మెరూన్ రంగు, ఒంటినిండా తెల్లపువ్వు. అన్ని పువ్వులకూ చివరి రేకు ఎడమ వైపుకు జారి ఉంది. అంత మంచి పని ఆమె అంతకుముందు కూడా చేసి ఉండదు. కిష్టయ్య దాన్ని రెండు చేతుల మీద పట్టుకుని ఊరికే చూస్తూ నిలబడ్డాడు. నేను కెమెరా కింద పరిచాను. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నా వెనక నిలుచుంది. బడిలో పరీక్షకు వచ్చినట్టు ఉందా మనిషి.

జవాబు వెంటనే వచ్చింది. నేను ఒకసారి చదివి, నమ్మలేక మళ్లీ చదివాను.

ఈ చీర నిస్సందేహంగా పరశురాములు చేతిపని. మరణించిన నేతగాడి పాత సరుకును కొత్త నేతకత్తె తన పేరుతో సమర్పించినట్టు తెలుస్తోంది. ఇది మోసంగా నమోదు చేయబడింది. మళ్లీ జరిగితే పేరు శాశ్వతంగా తొలగించబడుతుంది. మీ సహకారానికి ధన్యవాదాలు.

"సదువు బిడ్డా," అంది అత్త. "గట్ల నిలవడ్డవేంది?"

చదివాను. నాకు కోపం ఆగలేదు. అత్తకు కోపం వచ్చినట్టు లేదు. చీర దగ్గరికి వచ్చి ఒక పువ్వు మీద వేలు పెట్టింది.

"మంచిగనే గుర్తువట్టింది," అంది. "గుర్తువట్టి ఆయనకిచ్చింది."

కిష్టయ్య హైదరాబాదుకు ఫోను చేసి అరిచాడు, బతిమాలాడు, మళ్లీ అరిచాడు. మనస్విని ఓపికగా అంతా విని, యంత్రం ఇంతవరకు చెయ్యి గుర్తుపట్టడంలో తప్పు చేయలేదని చెప్పింది. అది నిజమే. తప్పు చేయలేదు.

ఫోను పెట్టేశాక అత్త నన్ను అడిగింది. "నా చెయ్యి ఎట్లుంటదని అనుకుంటాంది గది?"

"నీ చెయ్యి దానికి తెల్వదత్తా. పువ్వు గిట్ల పడితే మామనే అంటది. గట్ల పడకుంటేనే నువ్వు."

ఆమె ఆ పువ్వును ఇంకోసారి తడిమి చూసింది. పోతూ పోతూ చీరను మాత్రం మడతపెట్టి చంకలో పెట్టుకుంది. దాన్ని అమ్ముకోవడానికి లేదు. ఎక్కడికి పోయినా మోసం అనే అంటారు.

మళ్లీ వచ్చినప్పుడు ఒక నూలు చీర తెచ్చింది. అందులోనూ పువ్వే. కానీ రేకులు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి, రంగు కట్టు దాటి పాకింది, చివరి రేకు కుడి వైపుకు మొండిగా తిరిగి ఉంది. నేర్చుకుంటున్న పిల్ల కూడా అంతకంటే బాగా కడుతుంది. నేను ఆమె మొహం చూడలేకపోయాను.

"శాన కష్టమైంది," అంది అత్త. "చెయ్యి ఆడికే పోతాంది. గుంజి ఇటు కట్టిన."

కెమెరా కింద పెట్టాను. యంత్రం సంతోషించింది. కొత్త నేతకత్తె మల్లీశ్వరికి స్వాగతం, సొంత ప్రయత్నం కనిపిస్తోంది, అంది. ఆమె పేరు మీద మొట్టమొదటి చీర రికార్డులోకి ఎక్కింది. ఆ ఫోటో ఆమెకు చూపించాలంటే నాకు సిగ్గేసింది, నేసింది నేనైనట్టు.

స్థాయి మాత్రం ప్రారంభమే, తువ్వాళ్లకు తెల్లనూలు వచ్చింది. ఆమె నేసింది. ఆ ఎండాకాలమంతా అవే నేసింది. వెనక వీధిలో మగ్గం చప్పుడు వినిపించేది. నేను మెల్లగా నడవడం మానేశాను.

మొన్న యంత్రం ఇంకో పని పెట్టింది. ప్రారంభ స్థాయిలో ఉన్నవాళ్లందరికీ పాఠం పంపింది. పెద్ద తెర మీద చూపించి నేర్పమని నాకు హుకుం. అత్తను కూర్చోబెట్టి తెర వెలిగించాను. ముందు మామ ఫోటో, తలపాగా, నవ్వు. ఆ తరువాత పువ్వు, ఒక్కో రేకూ విడదీసి. చివరి రేకు కొస ఎడమ వైపుకు ఎలా జారాలో, ఆ చోట దారం ఎంత బిగించాలో, ఎక్కడ వదలాలో, అంతా గీతలు గీసి పెట్టింది. మహానేతగాడు పరశురాములు శైలిని శ్రద్ధగా అభ్యసించండి అని కింద రాసి ఉంది.

అత్త కళ్లార్పకుండా చూసింది. ఒకచోట ముందుకు వంగింది.

"ఆడ గంత బిగియ్యద్దు," అంది తనలో తనే. ఆ తరువాత నా వైపు తిరిగింది. "గిది నేను నేర్వాల్నా?"

"నేర్వాల్నట అత్తా."

"నేర్చి గట్లనే కడితే?"

"దొంగతనం అంటది."

"నేర్వకపోతే?"

ఆమె గదిలో మూలకున్న తెల్లనూలు కట్టలను చూసింది. తెర మీద మామ మళ్లీ మొదటి నుంచి నవ్వుతున్నాడు. కొంగు చివరతో తెర మీది దుమ్ము తుడిచి, ఆయన మొహం దగ్గర కాసేపు చెయ్యి ఉంచి, నూలు కట్ట ఎత్తుకుని చెప్పులు వేసుకుంది.