దులపని పైపు

నిచ్చెన మీద నిలబడి అతను రెండు అంకె రేకు తీసి మూడు తగిలించాడు. పెట్రోలు బంకు బోర్డు మీద ధర మార్చే పని ఇరవై రెండేళ్ళుగా అతనిదే. తిట్లు కూడా అతనివే.

"మళ్ళీ పెంచావా? నీ చెయ్యి పడిపోను!" కింద నుంచి పాలబండివాడు అరిచాడు.

"పెంచే చెయ్యే అయితే ముందు నా జీతం పెంచుకోనా?" అని గొణుక్కుంటూ దిగాడు.

ఈ ఎండాకాలం అతని లెక్కంతా లీటర్లలోనే నడుస్తోంది. సముద్రం దాకా పది, తిరిగి రావడానికి పది. తల్లి పోయాక అతన్ని పెంచిన అక్క పుట్టి బుద్ధెరిగి సముద్రం చూడలేదు. వర్షాల దాకా ఉండదని డాక్టరు తేల్చేశాక, "ఒక్కసారి తీసుకెళ్ళరా" అని అడిగింది. కూరగాయల వ్యాను నడిపే బావ, "బండి నాది, పెట్రోలు నీది" అన్నాడు. చలికాలంలో దాచిన డబ్బుకి ఇరవై లీటర్లు వచ్చేవి. ఇప్పుడు అదే డబ్బుకి పద్నాలుగు.

"పోవడానికుంటే చాల్లేరా. వచ్చేటప్పుడు నేనుండను, బండి తేలిగ్గా వస్తుంది" అని అక్క నవ్వింది. సముద్రపు నీళ్ళు పట్టుకోవడానికి ఒక సీసా కూడా వెతికి పెట్టుకుంది.

తక్కువైన ఆరు లీటర్ల దగ్గరే అతని బుద్ధి గడ్డి తింది. పెట్రోలు పోశాక పైపు ఎత్తి రెండుసార్లు దులిపితే, అందులో మిగిలింది బండివాడి ట్యాంకులోనే పడుతుంది. పనిలో కొత్తగా చేరినవాళ్ళకు అతను మొదట నేర్పేది అదే. అలాంటివాడు నెల నుంచీ దులపడం మానేశాడు. బండికి చెంచాడు చొప్పున మిషను వెనక దాచిన డబ్బాలోకి జారి, ఐదు లీటర్లు దాటింది. ఇంట్లో మాత్రం ఓనరు ఇస్తున్నాడని చెప్పాడు. "పిల్లాపాపలతో చల్లగా ఉండాలిరా ఆ బాబు" అని అక్క రోజూ దీవిస్తోంది. ఆ మాట వినలేక అతను రోజూ ఇంట్లోంచి తొందరగా బయటపడుతున్నాడు.

మిట్టమధ్యాహ్నం బట్టలు కుట్టే ఆవిడ స్కూటరు మీద వచ్చింది. ఎప్పుడూ లీటరే పోయించుకుంటుంది. అతను పోసి, పైపు వెనక్కి తిప్పి డబ్బా మూతికి ఆనించాడు. తలెత్తేసరికి ఆవిడ పక్కనే నిలబడి ఉంది.

"వేరేచోట పైపు దులపరని, నిన్ను చూసే ఇంతదూరం వస్తాను అన్నయ్యా" అంది మెల్లగా.

అతను పైపు తగిలించేసి డబ్బాకు అడ్డంగా జరిగాడు. లోపల్నుంచి ఓనరు, "ఏంటమ్మా గొడవ?" అని కేకేశాడు.

ఆవిడ ఒక్క క్షణం అతని మొహం చూసింది. "ఏం లేదు సార్" అని బండి తీసుకుని వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

బండ్లు తగ్గాక అతను డబ్బా తీసుకెళ్ళి నేలకిందున్న ట్యాంకులో ఒంపేశాడు. దొంగసొమ్ము దొరల పాలు అంటే ఇదే కాబోలు. తర్వాత వచ్చిన ప్రతి బండికీ మూడేసిసార్లు పైపు దులిపాడు. ఎందుకని అడిగినవాళ్ళెవరూ లేరు.

పని దిగి అరలో పెట్టిన ఫోను జేబులో వేసుకున్నాడు గానీ చూడలేదు. ప్రయాణం లేదని అక్కకు ఎలా చెప్పాలి? ఓనరు మాట తప్పాడనాలా? ఆ అబద్ధాన్నే దారంతా నెమరేసుకుంటూ నడిచాడు.

గుమ్మంలో బావ మోకాళ్ళ మీద చేతులు వేసుకుని కూర్చున్నాడు.

"ఫోను ఎన్నిసార్లు చేశాను బామ్మర్దీ. మూడింటికి పడుకుంది. మళ్ళీ లేవలేదు."

అతనికి ముందు ఏడుపు రాలేదు. ఇక చెప్పనక్కర్లేదనే ఊరట కలిగింది. కలిగిందని తెలియగానే మొహం ఎక్కడ దాచుకోవాలో తెలియక గోడవైపు తిరిగాడు. దుఃఖమనుకుని బావ లేచి వీపు నిమిరాడు.

"మీ ఓనరుకి దండాలు చెప్పమంది. మర్చిపోవద్దని మరీ మరీ చెప్పింది."

అక్క మంచం పక్క కిటికీలో, కడిగి, లోపల చుక్కైనా మిగలకుండా దులిపి బోర్లించిన సీసా ఉంది.