పదమూడు గంటల పది నిమిషాలు

భర్త చొక్కాలు ఇస్త్రీ చేస్తూ ఆమె, మంగళవారం నుంచి మూడు రోజులు ఊళ్ళో ఉండనని చెప్పింది. అతను పేపరు దించకుండానే, "మరి ఇల్లు?" అన్నాడు. ఎక్కడికని అడగలేదు.

విమానాల కంపెనీలో ఆమె పని దారులు గీయడం. ఏ విమానం ఏ దారిన, ఏ ఎత్తున పోవాలో, ఎంత ఇంధనం పోయాలో తేల్చడం. ఆఫీసులో లెక్కలమ్మ అంటారు. ఇంట్లో మాత్రం, పెళ్ళైన కొత్తలో ఒక్కసారి తప్పు బస్సెక్కిన పాపానికి, "దీనికి వీధి చివరి కొట్టుకే దారి తెలీదు" అనే మాట పదిహేనేళ్ళుగా చుట్టాల ముందు నవ్వులకు పనికొస్తోంది. అందరికంటే గట్టిగా నవ్వేది అత్తగారు. ఆమె కూడా నవ్వేది. నవ్వకపోతే మూతి ముడుచుకుందంటారు కదా.

నాలుగు నెలలు కూర్చుని కొత్త దారి ఒకటి గీసింది. రెండు విమానాశ్రయాల మధ్య పదకొండు వేల రెండు వందల కిలోమీటర్లు, మధ్యలో ఎక్కడా ఆగేది లేదు. తొలి ప్రయాణంలో పైలట్ల వెనక సీటు దారి గీసినవాళ్ళదని ఆ కంపెనీలో ఆనవాయితీ. ఆ సీటుకు మేనేజరు తన పేరు రాసుకున్నాడు. ఇల్లూ సంసారం ఉన్నదానివి, నీకెందుకమ్మా ఈ తిరుగుడు అన్నాడు ఎంతో ప్రేమగా. ఆ ప్రేమకు ఆమె ఒంటికి కారం రాసినట్టయింది.

నిన్న కంపెనీ పెద్దల మీటింగులో ఆ మేనేజరే, ప్రయాణం పన్నెండున్నర గంటలు, రానూ పోనూ అంతే అని చెప్పేశాడు. ఇలాంటప్పుడు ఆమె సరైన లెక్క కాగితం మీద రాసి, ఎవరూ చూడకుండా ఆయన ముందుకు జరిపేది. నిన్న లేచి నిలబడింది.

"కాదండీ. పోయేటప్పుడు ఎదురుగాలి, పదమూడు గంటల పది నిమిషాలు. వచ్చేటప్పుడు గాలి వెనకనుంచి తోస్తుంది, పదకొండు గంటల యాభై. సార్ చెప్పిన లెక్కన ఇంధనం పోస్తే, ఆపదకని దాచేది దారిలోనే అయిపోతుంది. ఈ దారి గీసింది నేను. ఆ సీటు నాది."

మీటింగులోనే ఉన్న పెద్ద పైలట్ కాగితాలన్నీ తిరగేసి, మేనేజరు పేరు కొట్టేసి ఆమె పేరు రాశాడు.

ఇదంతా చెప్పినా భర్త దిగిరాలేదు. అమ్మకు మందులెవరిస్తారు, నా డబ్బా ఎవరు సర్దుతారు అంటూనే ఉన్నాడు. కిందటేడు తనే శిక్షణకని నలభై రోజులు వెళ్ళినప్పుడు అతనికి ఇల్లు గుర్తే రాలేదు.

"ఇంతకీ, నన్ను అడగాలని కూడా అనిపించలేదా నీకు?"

"అనిపించలేదు. ఇప్పుడూ అడగట్లేదు, చెప్తున్నాను."

అతను పక్కనే కూర్చున్న తల్లి వైపు తిరిగాడు. "అమ్మా, నువ్వైనా చెప్పు."

అత్తగారు మాత్రం కోడలినే అడిగింది.

"ఎన్ని గంటలే కూర్చోవడం?"

"పదమూడు, అత్తయ్యా."

"అంతసేపూ ఎవరూ లేపరూ?"

"లేపరు."

ఆవిడ ఒళ్ళో ఉన్న తన చేతులు చూసుకుంది. "మీ మావయ్య ఉన్నన్నాళ్ళూ నేను పదమూడు నిమిషాలు కూర్చుని ఎరగను," అంది మెల్లగా. "మందులు నేనే వేసుకుంటాలే. నువ్వెళ్ళు."

ఆమె లోపలికెళ్ళి అటక మీది పెట్టె దించింది. ఎప్పుడు ఊరెళ్ళినా ఏది ఎక్కడుందో, ఎవరికి ఏ పూట ఏం పెట్టాలో వరసగా రాసి ఫ్రిజ్‌కు అంటించి వెళ్ళేది. ఈసారి ఏమీ రాయలేదు.