చల్లార్పు మాస్టారు

"మన పీఆర్ పనిలో మంచివాళ్లెవరో వెతికి ఫాలో అవ్వమ్మా" అని మేడమ్ చెప్పింది మొదలు, కొత్త ఉద్యోగిని ఫోన్‌కే అతుక్కుపోయింది. దొరికినవాళ్లంతా సొంత డబ్బా కొట్టుకునేవాళ్లే. ఒక్క 'చల్లార్పు మాస్టారు' మాత్రం, పేరూ మొహమూ చూపకుండా, జనం కోపాన్ని ఎలా చల్లార్చాలో అరటిపండు ఒలిచి పెట్టినట్టు చెప్పేవాడు.

ఇంట్లో మొగుడూ ఆ పనిలో పండిపోయినవాడే. కానీ "నాకా సోషల్ మీడియా గోల పడదు" అనేవాడు. నిన్న చుట్టాల ముందు "దీనికి పీఆర్ ఏం తెలుసు?" అని నవ్వాడు కూడా.

ఇవాళ మాస్టారు కొత్త పాఠం పెట్టాడు: "తప్పు ఒప్పుకోకుండా సారీ చెప్పాలా? 'నీ మనసు నొచ్చుకుని ఉంటే సారీ' అనండి. పొద్దున మా ఆవిడ మీద ప్రయోగించాను. కాఫీ కూడా వచ్చింది."

కింద ఫొటోలో కప్పు. విరిగిన పిడి అతికించి, ఆ గీత మీద ఆమే ఎర్రటి గోళ్లరంగు పూసిన కప్పు!

 ఆ సారీకే కదా తను కరిగిపోయింది! చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. వెంటనే కామెంటు పెట్టింది: "కప్పు కడిగి పెట్టండి మాస్టారూ. ఇక కాఫీ రాదు."

హాల్లో ఫోన్ టింగుమంది. మాస్టారు కప్పు పట్టుకుని వంటింటి వైపు నడిచాడు.