ఎనిమిదో ఫారం

అత్తగారికి ఆపరేషన్ అయిన కంటికి కట్టు కట్టారు. రెండో కంటికి ముందునుంచీ మసకే. నోటికి మాత్రం ఏ కట్టూ లేదు.

"వారం రోజులు ఇలా గోడకేసి చూస్తూ కూర్చోవడం నా వల్ల కాదమ్మాయ్. నువ్వు తెచ్చిపడేసిన ఆ పుస్తకం తియ్యి. తొంభయ్యో పేజీలో ఆపాను. చదివి పెట్టు."

పొద్దున్నుంచీ నిలబడి పనిచేసి అప్పుడే చెప్పులు విప్పుతున్న కోడలికి ఒళ్లు మండింది. ఇంకేం అడిగినా చేసేదే. పుస్తకమంటేనే ఆమెకిప్పుడు ఏడుపు.

పెళ్లికి ముందు పుస్తకం పట్టుకుంటే పక్కన పిడుగు పడ్డా పలికేది కాదు. తర్వాత బైండింగ్ షాపులో చేరింది. ముద్రించి మడతపెట్టిన పదహారు పేజీల కట్టను అక్కడ ఫారం అంటారు. పొడవాటి బల్ల మీద ఒక్కో ఫారం ఒక్కో గుట్ట. గుట్టకొకటి చొప్పున వరసగా ఏరుకుంటూ చివరికి చేరితే ఒక పుస్తకం. పేజీ కింది అంకె తప్ప మరేదీ చూడకూడదు. చదువుతూ నిలబడితే మేస్త్రి విరుచుకుపడతాడు. పదకొండేళ్లు అలా గడిచేసరికి ఏ పుస్తకం తెరిచినా కళ్లు తిన్నగా అంకె మీదికే జారడం మొదలుపెట్టాయి. నెలకో పుస్తకం పంతం పట్టి షాపు నుంచి ఇంటికి తెస్తుంది. పది పేజీలు తిప్పుతుంది, విసిరికొడుతుంది. తనలో చదివే మనిషి చచ్చిపోయిందేమోనని ఆమెకు నిజంగానే భయం. మొగుడితో చెప్పుకుంటే, "చదవకపోతే కొంప మునుగుతుందా?" అన్నాడు. ఆమెకు మునిగినట్టే ఉంది.

తప్పక చదవడానికి కూర్చుంది. పేరాకో వాక్యం చదివి మిగతాది దాటేసింది.

"ఆగాగు. తాళాలవాడు వంతెన మీద కదా ఉన్నాడు? వంటింట్లోకి ఎలా వచ్చాడు? రెక్కలొచ్చాయా?"

"రాసినవాణ్ణి అడగండి."

"రాసినవాడు బాగానే రాసుంటాడు. మింగేస్తున్నది నువ్వు. వెనక్కి వెళ్లు."

మర్నాడు పళ్లు బిగించి అక్షరం వదలకుండా చదివింది. మూడోనాటికి నూట పన్నెండో పేజీకొచ్చారు. ఇరవయ్యేళ్లుగా మూసి ఉన్న గది. తెరవొద్దని ఇంటావిడ కాళ్లా వేళ్లా పడుతోంది. తాళాలవాడు వినలేదు. తాళం తిరిగింది. కోడలు పేజీ తిప్పింది.

తాళాలవాడు పడవలో ఉన్నాడు. కుడిచేతికి బొటనవేలు లేదు.

"అదేమిటే! మళ్లీ మింగావా?"

"ఒట్టు, అత్తయ్యా. నూట ఇరవై తొమ్మిదికి దూకేసింది."

గబగబా ముందుకు తిప్పింది. నూట నలభై నాలుగు కాగానే మళ్లీ నూట ఇరవై తొమ్మిది. తొమ్మిదో ఫారం రెండుసార్లు పడింది. ఎనిమిదోది లేనేలేదు.

ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. కిందటి నెల బల్ల మీద ఎనిమిదో ఫారం ఒకటి మిగిలింది. తొమ్మిదోది ఒకటి తక్కువైంది. ఏదో పుస్తకంలో చెయ్యి తప్పిందని ఆనాడే అర్థమైంది. కుట్టేసిన పుస్తకాలన్నీ మేస్త్రి మళ్లీ విప్పి చూడమంటాడని భయపడి, మిగిలినదాన్ని చిత్తుకాగితాల గోనెలో కుక్కేసింది.

"ఏ కళ్లులేని మహాతల్లి పేర్చిందే దీన్ని?" అంది అత్తగారు.

"నేనే."

అత్తగారు అంతటితో ఊరుకోలేదు గానీ కోడలి చెవికి ఎక్కలేదు. అన్నం కలుపుతుంటే బొటనవేలు. గిన్నెలు తోముతుంటే బొటనవేలు. గదిలో ఏముంది? ఎవరు నరికారు? తన మీద తనకే చెప్పలేనంత కోపం వచ్చింది.

తెల్లారాక గంట ముందే షాపుకెళ్లి గోనె బోర్లించింది. నాలుగు గోనెలు వెతికితే దొరికింది, మూల నలిగిపోయి. అంచులు ఇంకా కొయ్యని ఫారం. కత్తితో ఒక్కో మడతా చీలుస్తూ, ఆ చెత్తలోనే నిలబడి చదివింది. మేస్త్రి వచ్చాడు.

"బల్ల దగ్గర మనిషేది? ఆ చెత్తలో ఏం చేస్తున్నావమ్మా?"

"రెండు పేజీలు. ఆగండి!"

మేస్త్రిని అంత గట్టిగా ఎవరూ కసరలేదు. ఆయన నిజంగానే ఆగాడు.

ఆఖరి మాట దాకా చదివేసి తిప్పబోతే అవతల కాగితం లేదు. అప్పుడు గానీ ఆమె కింద అంకె చూడలేదు. నూట ఇరవై ఎనిమిది. మిగతా కథంతా ఇంట్లో, అత్తగారి మంచం మీద. ఇక్కడేమో సాయంత్రం దాకా బల్ల చుట్టూ తిరగాలి. ఉక్రోషంతో ఆమెకు కళ్లనీళ్లు తిరిగాయి. పరుగున బయటికెళ్లి ఇంటికి ఫోన్ చేసింది.

"దొరికిందా? వేలేమైందే?" అత్తగారు ఆత్రంగా అడిగింది.

"దొరికింది. వచ్చాక చదువుతాను. ఈలోగా మీ అబ్బాయి చేత మిగతా పేజీలు చదివించుకున్నారో, నేను ఊరుకోను అత్తయ్యా!"