గడ్డల గుమ్మడికి కత్తి

"ఆడది గుమ్మడికాయకు కత్తి పెట్టొద్దు బిడ్డా, అది పెద్దకొడుకుతోటి సమానం." మా అత్త చంద్రమ్మ పోయి ఏడాదైంది. అయినా కత్తిపీట ముందర కూర్చుంటే చాలు, ఆ మాట నా వీపు వెనక నుంచి వినిపిస్తుంది. మగమనిషి మొదటి గాటు పెట్టాలి. ఆ తర్వాత తోలు తియ్యడం, తరగడం, వండడం అంతా మాదే. ఆ ఒక్క గాటు కోసం నా పెనిమిటి గౌరయ్య చెలక నుంచి వచ్చేదాకా ఎసరు మరుగుతూనే ఉంటుంది. నేనే కోస్తే? ఒళ్లో నా బిడ్డ సక్కు ఉంది. పిల్ల నిద్రపోతే ఊపిరి ఆడుతున్నదా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునేదాన్ని, ఎక్కడి కీడునో కోరి తెచ్చుకుంటానా?

మిట్టమధ్యాహ్నం అటక మీద టక్ టక్ మని చప్పుడవుతుంది. కాయ ముదిరిందో లేదో అత్త వేలి కణుపుతో కొట్టి చూసేది, అచ్చం అదే చప్పుడు. ఎలుకలంటాడు గౌరయ్య.

అత్త ఉన్నప్పుడు ఆ అటక నిండా కాయలే. ఒకటి మెడ సాగింది, ఒకటి పీటలా చదునైంది, ఒకటి పచ్చచారలది, ఒకటి ఒళ్లంతా గడ్డలతో కప్ప వీపు లాంటిది. తెల్లారకముందే గడ్డల తీగె మగపువ్వు తెంపి నున్నకాయ తీగె ఆడపువ్వుకు రుద్దేది. "దీని గట్టితనం దానికి రావాలె. అన్నీ ఒక్క తీరువే పెడితే ఒక్క తెగులుకే ఖతమైతయి" అనేది. ఏ రకం గింజలు ఆ రకానివే, బూడిద పట్టించి వేరువేరు గుడ్డల్లో మూట కట్టేది. గింజ తీసే పని ఉన్ననాడు మాత్రం, "పిల్లను తీస్కొని బాయికాడికి పో" అని నన్ను పంపి తలుపేసుకునేది. పని చెడగొడతానని కాబోలు అనుకునేదాన్ని.

ఆమె పోయినాక గౌరయ్య ఆ మూటలన్నీ పెంటకుప్ప మీద పారేశాడు. "గీ గడ్డల కాయను సూర్యాపేట అంగట్ల ఎవడన్న కొంటడా? నగుతరు." మిర్యాలగూడ నుంచి నున్నకాయ గింజ తెచ్చాడు. ఆకుల మీద తెల్లబూడిద తెగులు లేచింది, చెలకంతా మాడిపోయింది. పెంటకుప్ప మీద మొలిచిన గడ్డల తీగె ఒక్కటే పచ్చగా నిలిచింది. దానికి ఒక్కటే కాయ.

ఆ కాయ ఇప్పుడు తొడిమె దగ్గర మెత్తబడింది. ఇంకా ఆగితే లోపల గింజ కుళ్లుతుంది. గాటు పెట్టమని నిన్నా అడిగాను, మొన్నా అడిగాను. ఇవాళ అన్నం కలుపుకుంటూ గౌరయ్య విసుక్కున్నాడు.

"దాని జోలి ఇడువవా? పొద్దుగూకినంక పలగ్గొట్టి బర్రెకేస్త."

"అత్తమ్మ ఉన్నప్పుడు గిసొంటియి నువ్వే కోసెటోనివా?"

"నేనా? గా కప్పకాయను నేనెన్నడు ముట్టలే."

"మరి మామ?"

"మా నాయిన నేను అంబాడేనాడే పాయె గదనే!"

"రజాకార్లొచ్చిన ఏడు మగోళ్లందరు గుట్టలల్లనే ఉంటిరి. ఆ ఏడు ఎవరు కోసిండ్రు?"

కంచం నా ముందుకు జరిపాడు. "ఎవరో కోసుంటరు. జర పులుసు పొయ్యి."

పోశాను. ఆ ఏడూ మూటలు కట్టే ఉన్నాయి, కాయ కోయందే గింజ రాదు. అత్త పెద్దకొడుకు గౌరయ్య నా ఎదుట బాసింపట్టు వేసుకుని, ఇంత భుజాలతో, ఇంత ఆకలితో, మారడిగి మరీ తిన్నాడు. తిని తేన్చి చెలకకు పోయాడు.

కత్తిపీట వాల్చాను. అత్త లాగే వెళ్లి తలుపు దగ్గరికేశాను. చీకట్లో ఒక్క క్షణం నిలబడి, మళ్లీ బార్లా తెరిచాను. సక్కును ఎదురుగా, కనపడేటట్టు కూర్చోబెట్టాను. కాయను ఒళ్లోకి తీసుకుని వేలి కణుపుతో టక్ టక్ మని కొట్టి చూశాను.